మా అమ్మాయి కోటుకు పోయిన మార్కు

కూకట్‌పల్లిలో మా అమ్మాయి చదివే బడి నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్ళు మంట ఇంకా చల్లారలేదు. మూడో తరగతి డిక్టేషన్‌లో టీచరుగారు ‘పట్టుకున్నారు’ అనే అర్థమున్న ‘కాట్’ను లండన్ దొరసానిలా మూతి గుండ్రంగా చుట్టి ‘కోట్’ అని పలికారట. పాప విన్నది విన్నట్టుగా తొడుక్కునే కోటు రాసింది, మార్కు పోయింది. అడగబోతే, “ముందు ఇంట్లో మీ యాక్సెంట్ సరిచేసుకోండి సార్” అని నాకే హితబోధ.

ఏ యాక్సెంటండీ? దక్షిణ ఇంగ్లండులో తర్వాత అచ్చు ఉంటే తప్ప ‘ర’ పలకరు కనుక, వాళ్ళకు ఈ కాట్, న్యాయస్థానం కోర్టు రెండూ ఒకటే, సాసూ సోర్సూ ఒకటే. లండన్ నోట ‘ర’ నీరసించిందని జాన్ వాకర్ 1791లోనే తన ఉచ్చారణ నిఘంటువులో రాసిపెట్టాడు. అమెరికావాళ్ళలో ఎక్కువమంది ‘ర’ను వదలరు గానీ, అక్కడ చాలాచోట్ల మంచం కాట్‌కూ ఈ కాట్‌కూ తేడా లేదు, రైటరూ రైడరూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. వాళ్ళ మార్కులు ఎవరూ కోయరు. ఉన్న ‘ర’ను ఉన్నట్టు పలికే మనమే, ద్రాక్షతీగనూ ద్రాక్షసారానూ కలిపి ‘వైన్’ అన్నందుకు తల దించుకోవాలి. మనకున్నది ఒక్కటే ‘వ’. రెండోదాన్ని అమీర్‌పేటలో ఫీజు కట్టి తెచ్చుకోవాలి కాబోలు.

నిజం చెప్పాలంటే, నా ఉక్రోషం ఈనాటిది కాదు. క్రితం వార్షికోత్సవంలో ఈ టీచరుగారే మైకు అందుకుని, “పిల్లల్లో దాగిన కలలను వెలికి తీస్తాం” అని తెలుగులో సెలవిచ్చారు. పసివాళ్ళ స్వప్నాలు కాబోలనుకుని మేమంతా చప్పట్లు కొట్టాం. కూచిపూడి మొదలైతే గానీ ఆవిడ చెప్పినవి కళలని బోధపడలేదు. ఆ సాయంత్రమంతా ‘నీల్లు’, ‘పెల్లి’, ‘మల్లీ’ అంటూ ‘ళ’ను ఊరు దాటించినా ఎవరూ అర మార్కు కోయలేదు, పైగా ఎంత ముద్దుగా మాట్లాడారో అన్నారు.

సోమవారం మళ్ళీ డిక్టేషన్ ఉందట. మాటను వాక్యంలో పెట్టి చదవమని డైరీలో రాసి పంపుతున్నాను, తెలుగులోనే, ళకారాలు ఏరి కూర్చి మరీ.