న్యూలిన్ రాగి పళ్ళెం ఎవరి పేరు మీద ఉండాలి?

19వ శతాబ్దం చివర బ్రిటన్‌లో యంత్రాల సరుకుకు ఎదురు నిలిచిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం గురించి మాట్లాడేటప్పుడు విలియం మారిస్ పేరు, లండన్ పేరు చెప్పి ఊరుకోవడం పరిపాటి. ఆ ఉద్యమపు వస్తువులను సేకరిస్తూ ఇంగ్లండులో స్థిరపడిన ఒక తెలుగు పెద్దమనిషి, లండన్‌కు బయట పనిచేసిన ప్రాంతీయ కళాకారుల గురించి ప్రసంగించి, వారి పనితనాన్ని పేరుపేరునా గుర్తించి భద్రపరచడమే ఆ ఉద్యమానికి తగిన గౌరవమని ముగించారనుకుందాం. చేనేత కుటుంబంలో పుట్టిన ఒక చరిత్ర అధ్యాపకురాలు సభలోనుంచి లేచి ఆ మాటను ఖండించారు. వారిద్దరి వాదం ఇది.

ప్రతివాది: అయ్యా, మీరు ప్రాంతీయ కళాకారులని చెప్పిన పేర్లను ఒకసారి వరుసగా చూడండి. కాట్స్‌వోల్డ్స్ కొండల్లోని సాపర్టన్‌కు పేరు తెచ్చిన ఎర్నెస్ట్ గిమ్సన్ లెస్టర్ నగరంవాడు. ఆయనతో కలిసి వచ్చిన బార్న్‌స్లీ అన్నదమ్ములు బర్మింగ్‌హామ్ వారు. ముగ్గురూ లండన్‌లో వాస్తుశిల్పం అభ్యసించి 1890లలో పల్లె బాట పట్టినవారే. సి.ఆర్. ఆష్‌బీ 1888లో తూర్పు లండన్‌లో స్థాపించిన గిల్డ్ ఆఫ్ హ్యాండిక్రాఫ్ట్ అనే చేతిపనివారి సంఘాన్ని 1902లో పనివారి కుటుంబాలతో సహా అదే కాట్స్‌వోల్డ్స్‌లోని చిప్పింగ్ క్యాంప్డెన్‌కు తరలించాడు. కెస్విక్‌లో 1884లో చేతిపనుల బడి పెట్టినవారు అక్కడి చర్చి గురువు హార్డ్‌విక్ రాన్స్లీ, ఆయన భార్య ఈడిత్. పట్నం నుంచి రైలెక్కి వచ్చినవారూ, ఊరికి పెద్దలూ ప్రాంతీయ కళాకారులైతే, ఆ ఊళ్ళలోనే పుట్టి ఆ ఊళ్ళలోనే పని చేసి పోయినవారిని మనం ఏమని పిలవాలి?

సంగ్రాహకుడు: అమ్మా, వచ్చినవారు ఎవరన్నది ఒక ప్రశ్న, వచ్చాక ఆ ఊళ్ళో ఏం మొలిచిందన్నది మరో ప్రశ్న. కార్న్‌వాల్ తీరంలోని న్యూలిన్‌ను తీసుకోండి. జాన్ డ్రూ మెకెంజీ అనే చిత్రకారుడు అక్కడికి వచ్చి స్థిరపడి, 1890లో బెస్తల కోసం చేతిపనుల తరగతి ప్రారంభించాడు. గాలివానలకు పడవలు ఒడ్డునే ఉండిపోయే రోజుల్లో, చేపలు పడని కాలంలో ఇంటికి నాలుగు డబ్బులు రావాలన్నది అతని ఉద్దేశం. అక్కడి పళ్ళెం ఒకటి నా దగ్గర ఉంది. రాగి రేకును వెనకవైపునుంచి సుత్తితో కొట్టి చేపల ఆకారాలను ఉబ్బెత్తుగా పైకి లేపారు. తర్వాత రేకును తిరగవేసి, చేపల మధ్యనున్న ఖాళీ అంతటినీ సన్నని ఉలితో చుక్కచుక్కగా అణచారు. మన పెంబర్తి పనివారు ఇత్తడి రేకు మీద బొమ్మ లేపేది కూడా దాదాపు ఈ పద్ధతిలోనే కనుక ఆ పనిలోని కష్టం మనవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ చేపల మొప్పలూ, తోక విరుపూ చూస్తే, వాటిని రోజూ వలలోనుంచి తీసిన చెయ్యి ఆ సుత్తి పట్టిందని తెలిసిపోతుంది. అంచు పట్టుకొని చూస్తే వంపు ఒకచోట కాస్త మందంగా, మరోచోట పలచగా తగులుతుంది. ఆ చెయ్యి లండన్‌ది కాదు.

ప్రతివాది: ఆ చెయ్యి ఎవరిదో చెప్పండి.

సంగ్రాహకుడు: పళ్ళెం అడుగున న్యూలిన్ అని ముద్ర ఉంది.

ప్రతివాది: అది ఊరి పేరు. మీ ప్రసంగంలో మెకెంజీ పేరు వచ్చింది, అతనితోపాటు అక్కడ పని నేర్పిన జాన్ పియర్సన్ పేరు వచ్చింది, రాగిపని చేసిన బెస్త పేరు ఒక్కటీ రాలేదు. గిమ్సన్ విషయంలోనూ అంతే. ఆయన గీసిన బీరువాలనూ బల్లలనూ చెక్కతో నిజం చేసినవాడు పీటర్ వాల్స్ అనే డచ్ వడ్రంగి, అతని కింద పనిచేసిన సాపర్టన్ కుర్రవాళ్ళు. కానీ సేకరించేవారు ఆ బీరువాకు పలికే ధర గిమ్సన్ పేరుకే కడతారు. తన బల్లలను తానే కోసి, చిత్రిక పట్టి, బిగించుకొన్న సిడ్నీ బార్న్‌స్లీని ఒక్కడినే ఈ లెక్కలోనుంచి మినహాయిస్తాను.

సంగ్రాహకుడు: పనివాడి పేరు పోవడం అన్యాయమని మొట్టమొదట ఎలుగెత్తినది ఈ ఉద్యమమేనని మీరు మరవకూడదు. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఎగ్జిబిషన్ సొసైటీ 1888లో లండన్‌లో తొలి ప్రదర్శన పెట్టినప్పుడు, వస్తువును గీసినవారి పేరుతోపాటు దాన్ని చేసినవారి పేరు కూడా జాబితాలో అచ్చు వేయాలని నియమం పెట్టుకొంది. అదే కాలంలో లిబర్టీ దుకాణం తన వెండి సామాను మీద ఆర్చిబాల్డ్ నాక్స్ వంటి గొప్ప రూపకర్త పేరు కూడా పడనివ్వక, అంతా దుకాణం పేరుతోనే అమ్మింది. మేము సేకరించేటప్పుడు పాత జాబితాలు వెతికి, ముద్రలు పోల్చి, ఈ వస్తువు ఫలానావారి పని అని నిర్ధారిస్తున్నామంటే ఆ సొసైటీ మొదలుపెట్టిన పనినే కొనసాగిస్తున్నాం.

ప్రతివాది: జాబితాకు ఎక్కినవారి వరకే మీ న్యాయం చేరుతుంది. హియర్‌ఫర్డ్‌షైర్ పల్లెలో కుర్చీలు చేసిన ఫిలిప్ క్లిసెట్ 1817లో పుట్టాడు. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అన్న పేరు పుట్టేనాటికి అతనికి 70 ఏళ్ళు. పచ్చి చెక్కతో కాళ్ళు తరిణె పట్టి, వాటిలో బాగా ఆరిన అడ్డకర్రలు దిగ్గొట్టేవాడు. కాళ్ళు ఆరుతూ కుంచించుకొని అడ్డకర్రలను పట్టేసుకొంటే జిగురు లేకుండానే కుర్చీ తరాల తరబడి నిలిచేది. చుట్టుపక్కల వారు కూర్చోవడానికి అతను చేసిన ఆ కుర్చీలు లండన్ వాస్తుశిల్పి ఒకరి కంటబడ్డాయి, ఆర్ట్ వర్కర్స్ గిల్డ్ అనే కళాకారుల సంఘం తన సభాస్థలికి వాటిని కొనుక్కొంది, 1890లో గిమ్సన్ వెళ్ళి అతని దగ్గరే ఆ పని నేర్చుకొన్నాడు. గురువు ఎవరో, శిష్యుడు ఎవరో ఇంత స్పష్టంగా ఉంటే, మీరు క్లిసెట్‌ను ఉద్యమానికి చెందిన ప్రాంతీయ కళాకారుడని పరిచయం చేశారు. ఉద్యమం అతనికి చెందుతుంది కానీ అతను ఉద్యమానికి చెందడు.

సంగ్రాహకుడు: ఆ మాట ఒప్పుకొంటున్నాను, నా పరిచయం తలకిందులుగానే ఉంది. అయినా గిమ్సన్ వెళ్ళి నేర్చుకోకపోతే ఆ పని క్లిసెట్‌తోనే ఆగిపోయే ప్రమాదం ఉండేది. గిమ్సన్ నుంచి అది ఎడ్వర్డ్ గార్డినర్‌కు చేరి 20వ శతాబ్దంలోకి వచ్చింది. ఈ ఊళ్ళతో మన తెలుగువారికీ ఒక దారం కలిసింది. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి క్యాంప్డెన్ పక్కనే ఆష్‌బీ పునరుద్ధరించిన నార్మన్ చాపెల్‌లో కాపురముండి, గిల్డ్ వారి ఎసెక్స్ హౌస్ ముద్రణాలయాన్ని తీసుకొని, సింహళ శిల్పుల పని మీద తాను రాసిన గ్రంథాన్ని 1908లో చేతి అచ్చుయంత్రం మీద వేయించాడు. ఆ కుమారస్వామే 1917లో మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. చేతిపని గౌరవం గురించి క్యాంప్డెన్‌లో నడిచిన ఆలోచన ఎంత దూరం ప్రయాణించిందో చూడండి.

ప్రతివాది: ఆ గ్రంథం అచ్చయిన 1908లోనే ఆష్‌బీ గిల్డ్ మూతపడింది. హస్తకళను తలకెత్తుకొన్న గ్రంథం బయటికి వస్తున్నప్పుడు, దాని కోసం లండన్ వదిలి వచ్చిన చేతులకు పని పోయింది. గిరాకీ పడిపోయినప్పుడు లండన్ పనివాడు పక్క వీధిలో మరో యజమాని దగ్గర చేరి, మంచి రోజులు వచ్చాక తిరిగి రాగలడు. క్యాంప్డెన్‌లో మరో యజమాని ఎక్కడున్నాడు? యంత్రంతో అచ్చొత్తి చేతిపనిలా కనిపించే సామాను దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంటే గిల్డ్ వెండిపాత్రను ఎవరు కొంటారు? మిల్లు బట్ట ముందు మా మగ్గాలు ఎలా ఆగాయో చూసిన ఇంట్లో పుట్టాను కనుక ఈ కథలో నాకు ముందు కనిపించేది మజూరీ. వస్తువు కొత్తగా ఉన్నప్పుడు కొనేవారు లేక పనివాడు పస్తున్నాడు, వందేళ్ళు పాతబడ్డాక అదే వస్తువుకు వేలంలో పెరిగిన ధరలో అతని వారసులకు దమ్మిడీ రాదు.

సంగ్రాహకుడు: గిల్డ్ మూతపడినా అందరూ వెళ్ళిపోలేదమ్మా. జార్జ్ హార్ట్ అనే వెండిపనివాడు అక్కడే ఉండిపోయాడు, గిల్డ్ పనిచేసిన పాత పట్టుమిల్లులోనే అతని కుటుంబం నేటికీ వెండిపని చేస్తోంది. కెస్విక్ బడి సరిగ్గా నూరేళ్ళు నడిచి 1984లో మూతపడింది. నేను పాత వస్తువు కొంటే నేటి పనివాడి కడుపు నిండదన్నది నిజమే. కానీ పాత పనిని చూడని కొనుగోలుదారుకు కొత్త చేతిపని ఎందుకంత ఖరీదో అర్థం కాదు.

ప్రతివాది: సరే, ఆ సాయం ఉందనే అనుకొంటాను. సర్రేలోని కాంప్టన్‌లో మేరీ వాట్స్ సాయంత్రాల్లో ఊరివారికి మట్టిపని నేర్పి, 70 మందికి పైగా గ్రామస్తుల చేతులతో శ్మశాన ప్రార్థనామందిరానికి ఎర్రమట్టి పలకలు చేయించింది. ప్రాంతీయ ఉద్యమంలో అంతకంటే గొప్ప పని లేదని నా అభిప్రాయం. దాన్ని ఎవరూ కొనలేరు, ఇంటికి తీసుకుపోలేరు, అది ఆ ఊరిదే. మీ న్యూలిన్ పళ్ళేన్ని ఆ ఊరి మ్యూజియానికి ఎందుకు ఇవ్వరు?

సంగ్రాహకుడు: ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఇచ్చేలోగా మాత్రం దాన్ని పట్టుకొని, తిప్పి, పక్కన మరొకటి పెట్టి పోల్చాలి. పదేపదే తోమితే ఉలి చుక్కలు అరిగిపోతాయని నేను దానికి మెరుగు కూడా పెట్టించను. చుక్క లోతు, వాటి ఎడం, అంచు మడిచిన తీరు ఒక్కో పనివాడికి ఒక్కో విధం. ముద్రలో పేరు లేని మనిషిని పట్టిచ్చే ఆనవాళ్ళు అవే.

ప్రతివాది: ఆ ఆనవాళ్ళు చేతిని చూపుతాయి, మనిషిని చూపవు. 1891, 1901, 1911 జనాభా లెక్కల పుస్తకాల్లో ప్రతి ఇంటివారి పేరూ, వృత్తీ రాసి ఉన్నాయి. న్యూలిన్ వీధుల్లో తమ పని రాగిపని అని ఎవరెవరు చెప్పుకొన్నారో అందులో వెతకండి. వారిలో కొందరి పేర్లయినా మీ పళ్ళెం పక్కన చేరాక ఇదే ప్రసంగం మళ్ళీ పెట్టండి. అప్పుడూ వస్తాను, అభ్యంతరాలు ఉంటే అప్పుడూ చెబుతాను.