మిర్చి లెక్కకు సగటు చాలదు

గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటే: 'అందరూ ఎగబడి వేశారు, ఇంకేముంది!' నిజమే. కానీ అదే ఏడు అంతమంది ఎందుకు ఎగబడ్డారని అడిగితే, సర్వే సగటుల దగ్గర ఆగిపోయే పరిశోధన జవాబు చెప్పలేదు.

2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. సరుకు తగ్గి ధర ఎగిరింది, 2023లో క్వింటా 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికల్లా ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ఖరారు చేయాల్సి వచ్చింది. నిరుటి ధర చూసి ఈ ఏడు సాగు, ఈ ఏటి దిగుబడిని బట్టి ధర: ఈ చక్రాన్ని 1938లోనే అమెరికా ఆర్థికవేత్త మొర్డెకాయ్ ఎజెకియల్ 'సాలెగూడు సిద్ధాంతం'గా వివరించాడు. గిరాకీ, సరఫరాలను సరళరేఖలుగా గీస్తే ఊగిసలాట క్రమంగా చల్లారాలి, లేదంటే అదుపు తప్పాలి. ఎప్పుడో అరుదుగా ఒకే తీరున సాగుతుంది. మన ధర ఈ మూడింట్లో దేనికీ లొంగదు. భూమి, కూలీలు, పెట్టుబడి దొరికినంత వరకే సాగు పెరుగుతుందని ఒప్పుకుని రేఖను వంచితే, హద్దు దాటకుండానే కుదురు లేని కదలిక లెక్కల్లోనూ వస్తుంది. నాన్ లీనియర్ నమూనా అంటే ఇదే, బ్రహ్మవిద్యేం కాదు.

నాకు ఇంతకన్నా పనికొచ్చేదిగా కనిపించేది అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో చెప్పిన లెక్క. ఆయన చెప్పింది అల్లర్ల గురించి, మనం మిరప నారు అనుకుందాం. ఊళ్లో 100 మంది. ఒకరు ఎవరి కోసమూ చూడకుండా వేస్తారు. రెండో రైతు ఒకరు వేస్తే వేస్తాడు, మూడో రైతు ఇద్దరు వేస్తే. ఇలా 99 దాకా. ఊరంతా మిరపే! ఇప్పుడు ఆ రెండో రైతు ఒక్కడూ 'ఇద్దరు వేశాక చూద్దాంలే' అనుకున్నాడనుకోండి. మొదటి రైతు చేనొక్కటే మిరప. ఈ మార్పుతో 'ఎందరు వేశాక వేస్తావు?' అన్నదానికి జవాబుల సగటు 49.5 నుంచి 49.51 అయిందంతే. సర్వే నివేదికలో మాత్రం రెండు ఊళ్లూ ఒకటే!

అలాగని వీటితో వచ్చే ఏటి ధర చెబుతామనేవాళ్లను నమ్మొద్దు. జీవుల సంఖ్య ఏటేటా ఎలా మారుతుందో చెప్పే చిన్న సమీకరణం కూడా, ఎదుగుదల రేటు సుమారు 3.57 దాటితే గందరగోళంలో (కేయాస్) పడుతుందని 1976లో శాస్త్రవేత్త రాబర్ట్ మే వివరించాక, ప్రతి గ్రాఫులోనూ కేయాస్ వెతకడం ఫ్యాషనైంది. ఏటికో అంకె చొప్పున 30 ఏళ్ల డేటాలో అది గందరగోళమో, తెగులూ తుపానూ తెచ్చిన కుదుపో తేల్చడం దాదాపు అసాధ్యం.

మారాల్సింది ముందు ప్రశ్నలు. 'ఎన్ని ఎకరాలు వేశారు?' అనడంతో సరిపెట్టకుండా, ఎవరి చేను చూశాక నిర్ణయించుకున్నారు, కమీషన్ వ్యాపారి పెట్టుబడి ఇస్తానన్నది దానికి ముందా తర్వాతా, నిరుటి సరుకు ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) ఎంత మిగిలింది అని తేదీలతో సహా అడగాలి. సాగు ఖాయమయ్యేది జూలైలో నారు పోసేటప్పుడైతే, ఫిబ్రవరిలో ప్రకటించే ధర ఆ ఏటి నష్టాన్ని తగ్గిస్తుందేమో గానీ విస్తీర్ణాన్ని మార్చలేదు. కోల్డ్ స్టోరేజీ నిల్వల లెక్క జూన్‌లోనే ఊరూరా చెబితే మారుతుందేమో, ఈ జవాబులతో కట్టే నమూనాలో ముందు పరీక్షించాల్సింది అదే.