‘కొట్టలేదుగా’ అంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

‘కూతురి కాపురం నిలబడాలంటే తల్లిదండ్రులకు ఐదు సూత్రాలు’ అనే వాట్సాప్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. బంధువుల గ్రూపులో, స్కూల్ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా అదే. పంపినవాళ్ళు నాకు కావలసినవాళ్ళు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

అత్తగారి వంట మెచ్చుకోమని కూతురికి చెప్పమంటుంది మొదటి సూత్రం. మెచ్చుకోనివ్వండి, నష్టం లేదు. రోజూ ఫోన్ చేయొద్దంటుంది రెండోది. ఆ ఫోన్ కూడా ఆగిపోతే పిల్ల గొంతులో తేడా కనిపెట్టేదెవరు?

మూడోది చదివితే ఒళ్ళు మండింది. ‘అల్లుడు చెయ్యి చేసుకోనంత వరకు అది హింస కాదు, మొగుడూ పెళ్ళాల మధ్య మామూలే.’

ఏది మామూలు? ఆమె జీతం పడే అకౌంట్ ఏటీఎం కార్డు అతని పర్సులో, ఓటీపీ అతని ఫోన్‌కి. నెలసరి ప్యాడ్లకి డబ్బులడిగితే పోయిన నెలవి ఏమయ్యాయని లెక్క. రాత్రి ఆమె ఫోన్ తీసుకుని ఎవరితో ఎన్ని నిమిషాలు మాట్లాడిందో చూడటం. ఆఫీసుకెళ్తూ బయట తాళం వేసుకుపోవడం. ‘మీ నాన్నకి చెప్తే పిల్లాణ్ణి మళ్ళీ చూడవు’ అని నెమ్మదిగా, అరవకుండా చెప్పడం. ఒంటిమీద ఒక్క మచ్చ ఉండదు. ఆమె మాత్రం గేటు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది.

2005 నాటి గృహహింస చట్టం శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా పెట్టే హింసనీ, ఆర్థిక హింసనీ పేరు పెట్టి మరీ చెప్పింది. జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకి ఇవ్వకపోవడం, ఆమె బంగారం తాకట్టు పెట్టేయడం కూడా అందులోకే వస్తాయి. ఇక కొడితేనే హింస అంటున్నారు కదా, కొట్టాక అయినా ఒప్పుకుంటున్నామా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైనే. వాళ్ళకి ఆ మాట నేర్పింది ఇలాంటి సూత్రాలే.

పుట్టింటికి వచ్చేస్తే కాపురం చేసిన ఇంటిమీద హక్కు పోతుందట, ఇది నాలుగోది. శుద్ధ అబద్ధం. ఇల్లు ఆమె పేరున లేకపోయినా, అత్తమామలదైనా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కుంది. 2020లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కుదరకపోతే వేరే ఇంటి అద్దె ఇమ్మని కూడా మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు.

‘కేసు పెడితే అల్లుడు జైలుకి, కాపురం కోర్టుకి’ అన్న ఐదో సూత్రంలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వం మీద పెట్టే 498ఎ (2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్‌లో సెక్షన్ 85) కేసుల్లో ఎక్కడో దూరాన ఉన్న ఆడపడుచుల పేర్లు కూడా రాయించిన సందర్భాలున్నాయి. అలా చేయడం తప్పు. యాంత్రికంగా అరెస్టులు చేయొద్దని 2014లో సుప్రీంకోర్టు అన్నది అందుకే. పైగా చాలామంది ఆడవాళ్ళు భర్త జైలుకెళ్ళాలని కోరుకోరు, బాధ ఆగితే చాలంటారు. అయితే గృహహింస చట్టం దారి వేరే ఉంది. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తే రిపోర్టు రాసి మేజిస్ట్రేట్‌కి పంపుతారు. ఆమె జోలికి రావద్దని ఆర్డరు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ అక్కడే అడగవచ్చు. ఆ ఆర్డరు మీరితేనే అతనికి జైలు మాట. లాయరుకి డబ్బుల్లేవన్న భయం కూడా వద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

ఫార్వర్డ్ చేసే తల్లిదండ్రులారా, పిల్ల ఫోన్ అతని చేతిలో ఉండొచ్చని గుర్తుపెట్టుకుని మాట్లాడండి. ‘సర్దుకుపో’ అనకండి, ‘ఎప్పుడైనా వచ్చెయ్’ అనండి. దెబ్బల ఫొటోలు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు కాగితాల కాపీలు మీ దగ్గర దాచండి. ప్రాణం మీదికొస్తే 112. సలహా కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181, పక్కింటివాళ్ళ ఫోన్ నుంచయినా సరే. హింసకు గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వ పథకం కింద నడిచే సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా ఒకేచోట దొరుకుతాయి. వెళ్ళడానికి చోటు లేకపోతే ఐదు రోజుల వరకు ఆడపిల్లలతో, చిన్న వయసు మగపిల్లలతో సహా అక్కడ ఉండనిస్తారు.