అమెరికా సాకర్: కోచ్‌కు జీతమిచ్చేది ఎవరు?

2017 అక్టోబర్ 10న ట్రినిడాడ్‌లోని కూవాలో అమెరికా పురుషుల సాకర్ (ఫుట్‌బాల్) జట్టు 2-1తో ఓడి, మరుసటి ఏడాది ప్రపంచ కప్‌కు దూరమైంది. సుమారు మూడున్నర లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్ మాత్రం ఆ టోర్నీకి వెళ్లింది. తప్పంతా కోచ్‌లదేనని అమెరికాలో తరచూ వినిపించే మాట. బంతిపై అదుపు నేర్పరని, దేహబలం, పరుగు చూసి పిల్లలను ఎంపిక చేస్తారని ఆరోపణ. అందులో నిజం లేకపోలేదు. అయితే కోచ్ అలా ఎందుకు చేస్తాడో తెలియాలంటే క్లబ్ జమాఖర్చులు చూడాలి.

యూరప్‌లోని అయాక్స్, డార్ట్‌మండ్ వంటి క్లబ్‌ల అకాడమీల్లో కుర్రాడి శిక్షణ ఖర్చు క్లబ్‌దే. అతడు సీనియర్ జట్టుకు ఎదిగినా, మరో క్లబ్‌కు అమ్ముడుపోయినా పెట్టుబడి తిరిగొస్తుంది. పైగా ఆటగాడు దేశం మారి వెళ్లినప్పుడు బదిలీ సొమ్ములో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల వయసులో అతడిని తీర్చిదిద్దిన క్లబ్‌లకు దక్కాలని ఫిఫా నిబంధన. కాబట్టి పన్నెండేళ్ల పిల్లల మ్యాచ్ ఓడితే కోచ్ కొంపేమీ మునగదు.

అమెరికాలో చాలా క్లబ్‌లు నడిచేది తల్లిదండ్రులు ఏటా కట్టే వేల డాలర్ల ఫీజుతో. డల్లాస్, న్యూజెర్సీల్లోని తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిన లెక్కే. డబ్బు కట్టినవారికి ఫలితం వెంటనే కనిపించాలి. మన కార్పొరేట్ కాలేజీలకు ర్యాంకులెలాగో అక్కడి క్లబ్‌కు ట్రోఫీలు అలాగ. అందుకే త్వరగా ఎదిగిన భారీ కుర్రాడికి చోటు దొరుకుతుంది. నెమ్మదిగా ఎదిగే నేర్పరి, ఫీజు కట్టలేని పేద పిల్లవాడు బయటే ఉండిపోతారు.

పెన్సిల్వేనియాలోని హెర్షీలో పుట్టిన అమెరికా ఆటగాడు క్రిస్టియన్ పులిసిక్ పదహారేళ్లకే డార్ట్‌మండ్‌లో చేరగలిగాడంటే, తాత వల్ల వచ్చిన, యూరోపియన్ యూనియన్ దేశమైన క్రొయేషియా పాస్‌పోర్టే కారణం. అది లేకుంటే పద్దెనిమిది నిండేదాకా ఆగాల్సిందే. వెస్టన్ మెకెన్నీ కథ మరింత చేదు. ఎఫ్‌సీ డల్లాస్ అకాడమీ పెంచిన ఈ కుర్రాడు 2016లో జర్మనీలోని షాల్కేకు వెళ్తే డల్లాస్‌కు చిల్లిగవ్వ రాలేదు. ఇలా వెళ్లేవారికి శిక్షణ పరిహారం అడుగుతామని అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్ ప్రకటించడానికి 2019 దాకా పట్టింది.

యూరప్‌ను ఆకాశానికెత్తనక్కర్లేదు. అక్కడి అకాడమీలు చేర్చుకున్న పిల్లల్లో అత్యధికులను మధ్యలోనే వదిలేస్తాయి. అమెరికాలో కళాశాల జట్టుకు ఆడే కుర్రాడికి కనీసం చదువైనా సాగుతుంది.

మహిళల ఆటలో పరిస్థితి తలకిందులు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1921 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం తన సభ్య క్లబ్‌ల మైదానాల్లో మహిళలను ఆడనివ్వలేదు. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టంతో అమెరికా కళాశాలలు అమ్మాయిల క్రీడలపై ఖర్చు పెట్టక తప్పలేదు. నాలుగు ప్రపంచ కప్‌లు వచ్చాయి. తర్వాత యూరప్ క్లబ్‌లూ డబ్బు పెట్టడం మొదలైంది. 2023 విజేత స్పెయిన్ జట్టుకు వెన్నెముక బార్సిలోనా క్రీడాకారిణులే. 2024 ఒలింపిక్ స్వర్ణంతో అమెరికా తేరుకుంది గానీ, కళాశాలల నుంచి క్రీడాకారిణులను పంచుకునే డ్రాఫ్ట్‌ను అక్కడి మహిళల లీగ్ అదే ఏడాది రద్దు చేసింది.