మహారాజశ్రీ గాలి ట్యాంకు గారి సముఖానికి

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు గరాజ్‌లో, మంచు తీసే పార పక్కన, కడుపు ఖాళీగా క్షేమమని తలుస్తాను.

కడుపు ఖాళీ అన్నానని కోపగించుకోకండి. ఆ మాట మీ మెడ దగ్గరి మీటరే చెబుతోంది. మీరు మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి దాని ముల్లు సున్నా మీద నుంచి లేచిన పాపాన పోలేదు.

మొదటి తప్పు మీది కాదు, ఒప్పుకుంటాను. ఆఫీసు వాళ్లు టీమ్ ఔటింగ్ అని పెయింట్‌బాల్‌కి, అంటే గాలి తుపాకులతో ఒకరి మీద ఒకరు రంగు గుళ్లు కొట్టుకునే ఆటకి, తీసుకెళ్లారు, అక్కడ మొదలైంది. అద్దె మార్కర్ ఇచ్చారు. (గన్ అంటే అక్కడి రెఫరీ ముఖం మాడ్చుకున్నాడు, మార్కర్ అనాలట.) దాని పిడి కింద సొట్టలు పడ్డ 48/3000 అల్యూమినియం ట్యాంకు. ఆట మొదలైన నాలుగు నిమిషాలకి మా టెస్టింగ్ టీమ్ అమ్మాయి నా మాస్కు మధ్యలో నారింజ రంగు బొట్టు పెట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, "ట్యాంకు సరిగ్గా లేదు" అనేశాను. అని ఊరుకోవచ్చుగా? ఆ మాట నిజమని నిరూపించడానికి మూడు వారాలు చదివాను.

మీ జాతివాళ్లకి రెండేసి అంకెలు ఉంటాయి, పెళ్లిసంబంధాల్లో ఎత్తూ జీతమూ చెప్పినట్టు. మొదటిది లోపల చోటెంతో క్యూబిక్ అంగుళాల్లో చెబుతుంది. రెండోది ఎంత ఒత్తిడి దాకా గాలి కుక్కవచ్చో పీఎస్‌ఐలలో చెబుతుంది. నా కారు టైర్లో 33 పీఎస్‌ఐ. మీ పొట్ట మీద 4500 అని రాసుంది. ఆ సున్నాలు చూడగానే గుండె ఝల్లుమంది. ఇల్లు కొనేటప్పుడు పైకప్పు వయసెంత అని అడగని మనిషిని, గాలి డబ్బా కోసం రాత్రి రెండింటి దాకా లెక్కలు వేశాను.

మీ దాయాది కార్బన్ డయాక్సైడ్ ట్యాంకు సంగతీ చూడకపోలేదు. ఆయన్ని ఔన్సుల్లో తూస్తారు, మిమ్మల్ని అంగుళాల్లో కొలుస్తారు. పోల్చుకుందామంటే ఒక్క కొలతా కలవదు. ఆయన చవకే గానీ చలికి మహా పిరికి. ట్యాంకులో ద్రవంగా ఉండి, పైన ఆవిరిగా మారి పని చేస్తాడు. వాతావరణం 21 డిగ్రీలుంటే లోపల సుమారు 850 పీఎస్‌ఐ ఇస్తాడు. నవంబరు పొద్దున మా వైపు చలికి ఆ ఒత్తిడి కాస్తా పడిపోతుంది, వరసపెట్టి కాలిస్తే ఇంకా చల్లబడిపోతాడు. ఒక్కోసారి ద్రవమే మార్కర్‌లోకి దూరి లోపలి రబ్బరు రింగుల్ని గడ్డకట్టిస్తుంది. మరి మీరో? మీకు రెగ్యులేటర్ ఉంది. లోపల 4500 ఉన్నా 1500 ఉన్నా బయటికి సుమారు 800 చొప్పున అదే స్వరంతో మాట్లాడతారు. మా మేనేజర్‌కి కూడా మెడ దగ్గర ఇలాంటిదొకటి బిగించి ఉంటే ఆ ఔటింగే అక్కర్లేకపోయేది.

ఇక అల్యూమినియమా, కార్బన్ ఫైబరా? అల్యూమినియం చవక, మొరటు, కిందపడినా ఓర్చుకుంటుంది. మీరేమో 68/4500, కార్బన్ ఫైబర్ వంశం. అల్యూమినియం 48 కంటే పెద్దవారు, అయినా పట్టే గాలితో పోలిస్తే దానికంటే తేలిక. ధర మాత్రం రెండు మూడింతలు. ఆ అల్యూమినియందానితో నాలుగైదు వందల బాల్స్ కొట్టవచ్చు. మీతో దాదాపు వెయ్యి. వెయ్యి! ఆ మాట దగ్గరే పడిపోయాను. ఒక ఆటలో నేను కొట్టేది ఇరవై అనీ, ఆటకీ ఆటకీ మధ్య మళ్లీ గాలి నింపుకోవచ్చనీ అప్పుడు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

మీ చరిత్ర కూడా చదివాను లెండి. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ అడవుల్లో పన్నెండు మంది తొలిసారి ఈ ఆట ఆడారట. చేతిలో ఉన్నవి చెట్లకీ పశువులకీ రంగు గుర్తులు వెయ్యడానికి చేసిన నెల్‌స్పాట్ 007 తుపాకులు. మార్కర్ అన్న పేరు అక్కడిదే. వాటికి గాలి ఇచ్చింది బొటనవేలంత పన్నెండు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టం. గెలిచింది రిచీ వైట్ అనే ఫారెస్టర్. గెలవడానికి తేవాల్సిన జెండాలన్నీ ఆయన పట్టుకొచ్చాడు, ఒక్కసారి కూడా కాల్చకుండా! ఈ ముక్క మీ దగ్గర దాచిపెట్టినందుకు క్షమించాలి. కొనేవరకూ నా దగ్గర కూడా దాచుకున్నాను.

చివరికి 2024 వేసవిలో మిమ్మల్ని సెకండ్ హ్యాండ్‌లో, సగం ధరకి పట్టుకొచ్చాను. అమ్మినాయన "చాలా తక్కువ వాడాను" అన్నాడు. అప్పుడు నాన్న తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు.

"ఏంట్రా ఇది, గ్యాసా?"

"గాలి, నాన్నా."

"గాలి కొన్నావా?"

"గాలి కాదు, ట్యాంకు కొన్నాను. ఇందులో 4500 పడుతుంది."

"రూపాయలా?"

ఆయన నవ్వలేదు. నిజంగానే అడిగారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి మీ లేబుల్ చదివారు. ఇంటి దగ్గర గ్యాస్ బండ వస్తే పైనున్న పట్టీ మీద ఏ, బీ, సీ, డీల్లో ఏదుందో, పక్కన ఏ సంవత్సరముందో చూడనిదే లోపలికి రానివ్వరు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు, ఆ గడువులోగా బండని మళ్లీ పరీక్షించాలన్నమాట. గడువు దాటిన బండని కుర్రాడితోనే వెనక్కి మోయించిన మనిషి.

"దీని పుట్టుక 2011. ఆఖరి పరీక్ష 2016 అనుంది, చూశావా?" అన్నారు.

నేను చూడలేదు. మూడు వారాల చదువులో రెగ్యులేటర్ బరువు గ్రాములతో సహా నోటికొచ్చింది గానీ తేదీ చూడాలని తట్టలేదు. అలా అని ఒప్పుకోవచ్చా? "ఇది అమెరికా నాన్నా, ఇక్కడ అలాంటి టెన్షన్లు ఉండవు" అన్నాను.

మర్నాడు ఫీల్డ్‌లో కంప్రెసర్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. గాలి గొట్టం చేతిలోకి తీసుకునే ముందు మీ లేబుల్ చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అయిదేళ్లకోసారి హైడ్రో టెస్టు అవ్వాలి, ఇది 2021లోనే గడువు దాటింది, నింపను అన్నాడు. వెనకాల నాన్న ఏమీ అనలేదు. దగ్గారు, అంతే. ఆ కుర్రాడు పుండు మీద కారంలా ఇంకో మాట చేర్చాడు: తేదీ ఉన్నా లాభం లేదు, మా కంప్రెసర్ 3000 మించి ఎక్కించదు. అంటే నేను డబ్బు పోసి కొన్న మీ పొట్టలో మూడో వంతు, ఆ ఫీల్డ్‌లో ఎప్పటికీ ఖాళీయే.

పోనీ పరీక్ష చేయిద్దామా అంటే అదీ కనుక్కున్నాను. మీలో నీళ్లు నింపి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు పైగా పెంచి, ఎంత సాగారో, మళ్లీ యథాస్థితికి వచ్చారో లేదో కొలుస్తారు. నీళ్లే ఎందుకంటే అవి గాలిలా నొక్కుకోవు, కాబట్టి ఒకవేళ మీరు చిట్లినా బాంబులా పేలరు. అంతా బాగానే ఉంది. కానీ మీ రకం కార్బన్ ఫైబర్ ట్యాంకులకి ఆయుష్షే పదిహేనేళ్లు. 2026లో మీరు రిటైర్ అవ్వాలి. పదవీ విరమణకి రెండేళ్ల ముందు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఖర్చు పెట్టే గుమాస్తాని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ రోజు మిమ్మల్ని కారు డిక్కీలో పడుకోబెట్టి, మళ్లీ అద్దె మార్కరే తీసుకున్నాను. అదే సొట్టల 48/3000. నాన్న వల అవతల కుర్చీలో పులిహోర డబ్బాతో కూర్చున్నారు. ఈసారి ఆరు నిమిషాలు నిలబడ్డాను. బయటికి రాగానే అడిగారు:

"ఎన్ని కొట్టావురా?"

"పదకొండు."

"ఎన్ని తగిలాయి?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఆయన వంగి ట్యాంకు మీటర్ చూశారు. ముల్లు 3000 దగ్గర్నుంచి పెద్దగా కదల్లేదు.

"గాలి బోలెడుందే" అన్నారు.

ఇట్లు,
మీ యజమాని

తా.క.: మిమ్మల్ని అమ్మకానికి పెట్టాను. పరీక్ష తేదీ దాచకుండా రాశాను, పక్కనే "చాలా తక్కువ వాడాను" అని కూడా రాశాను. ఇప్పటికి మూడు వారాలైంది, ఒక్కరూ పలకలేదు. ఫొటో నాన్న తీశారు, లేబుల్ స్పష్టంగా పడేలా.