దయచేసి వినండి, ట్యాంకు నిండింది

తెల్లవారుజామున ఐదూ నలభై. సుప్రభాతం ఇంకా మొదలు కాలేదు, పాల ప్యాకెట్లు రాలేదు. వీధిలో ఒక యంత్రం మాత్రం గొంతు సవరించుకుంది: "దయచేసి వినండి. వాటర్ ట్యాంకు నిండింది. మోటారు ఆపండి." ఎంత మర్యాద! రైల్వేవారైతే చివర్లో అసౌకర్యానికి చింతిస్తారు. ఈమె ఆ మాత్రం కూడా దిగిరాదు.

దీన్నే గృహోపయోగ ఆవిష్కరణ అంటున్నాం కాబట్టి డబ్బా విప్పి చూడడం మన ధర్మం. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, ట్రాన్సిస్టర్ ఒకటి, రెండు మూడు రెసిస్టర్లు, గొంతు దాచుకున్న చిప్పు, చిన్న స్పీకరు. రెండు తీగలు ట్యాంకు అంచు దాకా వెళ్లి వేలాడుతుంటాయి. నీళ్లు ఆ రెంటినీ తాకగానే కాస్త కరెంటు దాటి ట్రాన్సిస్టర్‌ని నిద్ర లేపుతుంది. ఇక పారాయణమే. తొమ్మిదో తరగతి పిల్లాడు సైన్స్ ఫెయిర్‌లో పెడితే చప్పట్లు కొట్టాల్సిందే. కానీ ఈ యంత్రం జాతకం ఒకసారి చూడండి. ట్యాంకు నిండిందని దానికి తెలుసు. మోటారు ఆపాలనీ తెలుసు. రెండూ తెలిసి, ఆపే పని మాత్రం మనకు పురమాయిస్తుంది. అచ్చం పండక్కొచ్చిన పెద్దల్లుడే.

ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఆ పురమాయింపు ఏమవుతుందో చూద్దాం. ఫస్ట్ ఫ్లోర్ వారు వింటారు. సెకండ్ ఫ్లోర్ వారు చూసుకుంటారులే అనుకుంటారు. సెకండ్ ఫ్లోర్ వారు అప్పటికే దుప్పటి చెవుల మీదికి లాక్కున్నారు. వాచ్‌మన్ పాలకు వెళ్లాడు. స్టార్టర్ పెట్టెకి తాళం ఉంది, తాళంచెవి సెక్రటరీ గారి దగ్గర ఉంది, సెక్రటరీ గారు తిరుమలలో ఉన్నారు. ఆయన అక్కడి క్యూలోంచే వాట్సాప్‌లో "ఎవరైనా మోటార్ ఆపండి ప్లీజ్" అని పెడతారు. పదకొండు మంది బొటనవేళ్లు ఎత్తి చూపిస్తారు. ఒకాయన శుభోదయం పువ్వు పంపుతాడు. ఈలోగా పక్క బిల్డింగు ట్యాంకూ నిండుతుంది. అదే కంపెనీ, అదే గొంతు, అదే మర్యాద. ఇప్పుడు ఎవరి ట్యాంకు నిండిందో భగవంతుడికే తెలియాలి. బాధ్యత గల పౌరుడొకాయన లుంగీ బిగించి కిందికి పరుగెత్తి, అప్పుడే నిండడం మొదలైన ఎదుటి బ్లాకు మోటారు ఆపి, తృప్తిగా మెట్లెక్కుతాడు. డాబా మీద రాత్రంతా మంచులో మిగిలిన గుమ్మడి వడియాలు కాలువలో చేపపిల్లల్లా ఈదుకుంటూ తూము వైపు వెళ్తాయి. ఆమె మాత్రం చెబుతూనే ఉంటుంది. దయచేసి వినండి.

వారం రోజులకు ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. అది గోడ గడియారంలో పట్టదు, రిమోట్‌లో పట్టదు. ఫ్రిజ్ మీద దేవుడి అక్షింతల పక్కన స్థిరపడుతుంది.

పీకకపోయినా ఎక్కువ కాలం నడవదు. తీగల కొసల మధ్య ఎప్పుడూ ఒకే దిశలో డీసీ కరెంటు పారితే ఒక కొస మెల్లగా కరిగిపోతుంది. మన బోరు నీళ్ల ఉప్పదనానికి రెండు కొసల మీదా తెల్లటి పొక్కు కడుతుంది. ఆ తర్వాత నీళ్లు తాకినా పలకదు. లేదా ఆ పొక్కులో తేమ నిలిచి, ట్యాంకు ఖాళీగా ఉన్నా "నిండింది" అంటుంది. ఇలాంటి హామీలు మనకు కొత్త కాదు గనుక ఎవరూ పట్టించుకోరు.

లెక్క కూడా చూద్దాం. మోటారు నిమిషానికి 40 లీటర్లు ఎక్కిస్తుందనుకుంటే, పావుగంట పొర్లితే 600 లీటర్లు. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం. నలుగురి వాటా తూములో కలిసింది. జల్ జీవన్ మిషన్ అనే కేంద్ర పథకం పల్లెలో మనిషికి పెట్టిన 55 లీటర్ల లెక్కన దాదాపు పదకొండు మంది వాటా. ఇంత జరిగినా యంత్రం తన విధి తాను నిర్వర్తించింది. చెప్పింది కదా!

నీటి మట్టాన్ని నీళ్ల చేతే కాపలా కాయించే ఉపాయం అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఆయనకు క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలోనే తట్టింది. నీటి గడియారంలో ఒక తేలుడు బిళ్ల పెట్టాడు. మట్టం పెరిగితే అది పైకి లేచి నీళ్లు వచ్చే దారి మూసేది, తగ్గితే తెరిచేది. బిళ్ల మాట్లాడేది కాదు. అప్పటికి అంత నాగరికత రాలేదు.

ఆ బిళ్ల వారసుడే ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఫ్లోట్ స్విచ్. కేబుల్ చివర ప్లాస్టిక్ బుర్ర, దాని లోపల ఒక గోలీ, ఒక చిన్న స్విచ్. నీళ్లు పెరిగితే బుర్ర తల్లకిందులై గోలీ దొర్లుతుంది, స్విచ్ మారుతుంది. కేబుల్‌కి తగిలించే బరువు దిమ్మెకూ బుర్రకూ మధ్య ఎంత ఎడం ఉంచితే, మోటారు ఆగే మట్టానికీ మళ్లీ మొదలయ్యే మట్టానికీ అంత తేడా. మరీ దగ్గరగా కడితే బకెట్ నీళ్లు వాడిన ప్రతిసారీ మోటారు లేచి కూర్చుంటుంది. తీగల్లో ఒకటి నింపడానికి, ఇంకొకటి ఖాళీ చేయడానికి. తారుమారు చేస్తే ట్యాంకు నిండాకే మోటారు మొదలవుతుంది. ఆ తప్పు చేసే ఎలక్ట్రీషియన్లు లేకపోలేదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఒక హార్స్‌పవర్ మోటారైనా మొదలయ్యే క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ భారమంతా బుర్రలోని స్విచ్ మీద వేస్తే ఏదో ఒకరోజు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఇక మోటారు ఆగదు. అందుకే మధ్యలో కాంటాక్టర్ అనే, తీగచుట్ట అయస్కాంతంతో పనిచేసే పెద్ద స్విచ్ పెట్టి, ఫ్లోట్ చేత దాని తీగచుట్టని (కాయిల్‌ని) మాత్రమే నడిపించాలి. తాగే నీళ్లలోకి 230 వోల్టుల తీగ దిగుతోంది గనుక కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. సంపులో ఇంకో ఫ్లోట్ వరసలో కలిపితే నీళ్లు అడుగంటినప్పుడు మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోదు. "ఇవన్నీ ఎందుకండీ, ట్యాంకు మూతికి, నిండగానే నీళ్ల దారి మూసే బాల్ వాల్వు బిగిస్తే పోలా" అనే మేధావులకు ఒక నమస్కారం. మున్సిపల్ పంపు నీళ్లకి అది చాలు. మోటారు లైనుకు అదొక్కటే బిగిస్తే, మూసుకున్న తలుపును మోటారు కుమ్ముతూనే ఉంటుంది. పైపు అతుకులు విడిపోతాయి, పంపులో నీళ్లు మరుగుతాయి.

మరి ఫ్లోట్ స్విచ్ ఎందుకు బిగించుకోం? అది చప్పుడు చేయదు. చుట్టాలొస్తే చూపించడానికేమీ ఉండదు. ఇప్పుడు వైఫై రకం కూడా వచ్చింది, ఫోన్‌లో ట్యాంకు బొమ్మ నీలంగా నిండుతుంది. కరెంటు పోతే రౌటర్ పోతుంది, రౌటర్ పోతే బొమ్మ పోతుంది. మంచిదే, అంతవరకు బొమ్మ బాగుంది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, చేతిని దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించేది. ఆ చేతికి బదులు ఆడే యంత్రాన్ని ఆయన తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. "దయచేసి వినండి, అమ్మకు భుజం నొప్పి పుడుతోంది" అని పాడే డబ్బా ఆయనకు తట్టలేదు పాపం.

నవ్వు ఇక్కడిదాకానే. ఈ ట్యాంకుకు నీళ్లిచ్చే బోరు ఎండిపోయాక ఏం చేస్తున్నాం? కేసింగ్ పైపు పనికొస్తుందని పీక్కుపోతాం, ఆరున్నర అంగుళాల నోరు తెరిచి వదిలేస్తాం. ఇనుప పలకతో కేసింగ్ మూయాలని, చుట్టూ అర మీటరు చదరపు సిమెంటు దిమ్మె నేలపైన 30, నేల లోపల 30 సెంటీమీటర్లు ఉండాలని, వదిలేసిన బోరును అడుగు నుంచి మట్టీ రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2017లో చేవెళ్ల దగ్గర ఏడాదిన్నర పాప. 2020లో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు. పడ్డాక మాత్రం అన్నీ వస్తాయి: పొక్లెయిన్లు, కెమెరాలు, ఆక్సిజన్ పైపు, మైకులు, నాయకులు. అంత యంత్రాంగం, అంత గొంతు! పలకా, రెండు బోల్టులూ, ఒక సిమెంటు బస్తా ఎవరికీ చేతకాలేదు. సిగ్గు లేదా మనకు? ఆ మూతకు పేటెంట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, తెలివి కూడా అక్కర్లేదు. బోరు వేసిన రిగ్గు లారీ వెళ్లిపోయే ముందు వంగి మూసేంత నడుము ఉంటే చాలు.

ఆ పలక, ఆ బోల్టులు అమ్మే షాపులోనే గల్లాపెట్టె పక్కన గొంతు డబ్బాలు వరసగా వేలాడుతున్నాయి. డెమో కోసం ఒకదాని తీగలు గ్లాసు నీళ్లలో ముంచి ఉంచారు. పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది, ట్యాంకు నిండిందని.