వాగు దగ్గర భూగోళం పాఠం: అవసరమా?

(ఇద్దరూ భూగోళం చెప్పేవారే. పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లి కొలతలు తీయించాలని టీచర్ పట్టు. తరగతి గది చాలని మాస్టారి మాట.)

మాస్టారు: ఒక్క వాగుని ఒక్క పూట చూస్తే ఏం తెలుస్తుంది టీచర్ గారూ? నది దారి మారడానికి ఏళ్లు పడుతుంది. 1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు వరసగా చూపిస్తే ఆ మార్పు కళ్లకు కడుతుంది.

టీచర్: నేనూ చూపిస్తాను మాస్టారూ. కానీ వాటిలో చాలా చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ నేల మీద 30 మీటర్లు. 5 మీటర్ల వాగు అందులో కలిసిపోతుంది.

మాస్టారు: వంపులో బయటి గట్టు కోసుకుపోతుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. పాఠంలో ఉందిగా.

టీచర్: ఉంది, పిల్లలు అప్పజెప్తారు కూడా. నీటి వేగం ఎలా కొలుస్తారని అడగండి, నోరు మెదపరు. 10 మీటర్లు టేపుతో కొలిచి, బెండు ముక్కని వంపు బయటి వైపు ఒకసారి, లోపలి వైపు ఒకసారి వదిలి టైమ్ చూడమనండి. పైన నీరు అడుగు నీటికంటే వేగంగా పోతుంది కాబట్టి, వచ్చిన వేగాన్ని సుమారు 0.85తో గుణించి సగటు తీస్తారు. బెండు రాయికి తగులుకుంటుంది, రెండు జట్లకి రెండు లెక్కలొస్తాయి. ఎవరిది సరైనదని వాళ్లు వాదించుకుంటారే, నాకు కావలసిన భూగోళం అదే.

మాస్టారు: చాలాచోట్ల జరిగేది పిక్నిక్. ఫోటోలు దిగడం, ఎండలో అదే పాఠం వినడం. పైగా నీళ్ల దగ్గర పిల్లలంటే నాకు టెన్షన్. నడవలేని పిల్లల సంగతేమిటి?

టీచర్: ఎండలో లెక్చర్ నాకూ వద్దు. నీళ్ల భయం నిజమే. ముందే వెళ్లి లోతు చూసుకోవాలి, ఎగువన వాన సూచన ఉంటే ప్రయాణం రద్దు చేయాలి. చక్రాల కుర్చీ వెళ్లే చోటు లేకపోతే ఆ పని స్కూలు ఆవరణలోనే చేస్తాను. అడుగు తీసిన డబ్బా నేలలో గుచ్చి నీళ్లు పోస్తే చెట్ల కింద ఎంతసేపట్లో ఇంకుతాయో, తొక్కి తొక్కి గట్టిపడ్డ ఆటస్థలంలో ఎంతసేపు నిలుస్తాయో తెలుస్తుంది. వరద పాఠం అక్కడే మొదలుపెట్టొచ్చు.

మాస్టారు: దానికి అభ్యంతరం లేదు. వాగుకైతే నాదొక షరతు. ఆ కోత ఎన్నేళ్లుగా సాగుతోందో మీ కొలతలు చెప్పలేవు. పాత మ్యాపులు చూపించడానికి ముందు రోజు నాకో పీరియడ్ ఇవ్వండి.

టీచర్: వచ్చాక ఇస్తాను. ముందే చూస్తే పిల్లలు మ్యాపులో ఉన్నదాన్నే వెతుకుతారు.

మాస్టారు: చూడకపోతే ఏం వెతకాలో వాళ్లకెలా తెలుస్తుంది?